మా ఆయన చేతివాసి, మా వీధి చెట్లు

చెట్టుకు కొమ్మలు శుద్ధ దండగ అని నేను నమ్ముతున్నాను. నమ్మక చస్తానా? చెట్ల సంరక్షణ సంస్థ యజమానికి భార్యను నేను!

అయినా ఆదివారం పొద్దున మా వంటింట్లో చిన్న తగాదా వచ్చింది. కారణం టీ జల్లెడ. మా ఆయన స్టామెన్ దాంతో మోటారు రంపం నూనెలో పడ్డ పొట్టు వడగట్టాడు.

"ఏమయ్యా, ఇల్లంతా వెతికితే నీకు ఇదే దొరికిందా?" అన్నాను.

"సబ్బు పెట్టి కడిగితే పోతుందిలే. జల్లెడంటే జల్లెడే కదా!"

"పిండి జల్లెడ తీసుకెళ్లినప్పుడూ ఇదే అన్నావు. అదిప్పుడు ఎక్కడుంది?"

"వ్యాన్‌లో" అన్నాడు, కాస్త తగ్గి.

మా అత్తగారు నెదల్కా ఒక మూల కూర్చుని ఊరబెట్టిన క్యాబేజీ ఆకుల్లో అన్నం చుడుతోంది.  జల్లెడ వంక ఒకసారి చూసింది.

పాఠకులు నన్ను అపార్థం చేసుకోకూడదు. నా ఫిర్యాదు జల్లెడ మీదే. వ్యాపారం మీద ఎంతమాత్రం కాదు! అది పెరిగిన తీరు చూసి నేను గర్వపడని రోజు లేదు.

మరిత్సా నది ఒడ్డున మా చిన్న పట్నంలో ద్రాక్షతోట లేని ఇల్లు అరుదు. ఫిబ్రవరిలో ట్రిఫాన్ పండుగనాడు అందరం తోటలకు వెళతాం. తీగలు కత్తిరించి, మొదళ్లలో వైన్ పోసి, ఒకరిని రాజుగా ఎన్నుకుంటాం. కత్తిరించిన తీగలతోనే కిరీటం. మూడేళ్ల కిందట ఆ కిరీటం స్టామెన్‌కు పెట్టారు. ఆ ఏడు పంట విరగకాసింది. స్టామెన్ చేతివాసి గొప్పదని ఊరంతా ఒప్పుకుంది.

వారం తిరక్కుండానే ఎదురింటి యోర్దానా వచ్చింది. "ద్రాక్షను అంత బాగా చూసుకున్న చేయి! మా లిపా చెట్టును కూడా ఓ పట్టు పట్టరాదూ?"

పట్టాడు. ద్రాక్షతీగను ఎలా కత్తిరిస్తారో తెలుసు కదా? పోయిన ఏడు పెరిగిందంతా తీసేసి రెండు మొగ్గలుంచుతారు. లిపా చెట్టు అంటే నిలబడ్డ ద్రాక్షతీగ కాక మరేమిటి? మధ్యాహ్నానికల్లా ఇరవై ఏళ్ల చెట్టు కోట్లు తగిలించుకునే స్టాండులా తయారైంది. వీధి వీధంతా చూసి ముచ్చటపడింది. తర్వాత అందరూ వరసకట్టారు.

ఈ వ్యాపారంలోని తెలివి గమనించారా? డాక్టరు జబ్బు నయం చేస్తే రోగి మళ్లీ రాడు. చెప్పులవాడు గట్టిగా కుడితే రెండేళ్లు కనబడడు. నరికిన చెట్టు అలా కాదు! బెదిరిపోయి ఒక్కో మోడు నుంచీ నలభై పుల్లలు పుట్టిస్తుంది. వాటికి బలముండదు. రెండో ఏడు గాలి వీచగానే విరిగి కార్ల మీద పడతాయి. వెంటనే ఫోన్: "స్టామెన్, ప్రమాదం! వచ్చి కాపాడు!" వ్యాన్ బయల్దేరుతుంది. ఇప్పుడు వ్యాన్లు రెండు. రెంటిమీదా పచ్చరంగు అక్షరాలు: 'మీ చెట్టు, మా బాధ్యత'.

ఇక వీధికి కలిగిన లాభాలు అడగండి. జూలైలో బట్టలు ఆరేసి లోపలికి వచ్చేలోపే ఎండుతున్నాయి. నా నీలం కర్టెన్లు పైసా ఖర్చు లేకుండా తెల్లబడ్డాయి. పిట్టల రెట్ట లేదు, ఎందుకంటే పిట్టలే లేవు. నీడలో బెంచీల మీద పగలంతా పాచికలాడే ముసలాయనలు ఇళ్లకు చేరారు. రోజంతా భర్త సాంగత్యం దొరికిన ఆ ఇల్లాళ్ల ఆనందం నేను వర్ణించలేను. వాళ్లే వర్ణిస్తున్నారు, వీధంతా వినబడేలా!

అడ్డం తొలగిపోయాక ఇరుగుపొరుగు కూడా ఎంత దగ్గరైందని! మొన్న యోర్దానా తన వంటింటి కిటికీలోంచే కేకేసింది: "అమ్మాయ్, నీ బనిత్సా రొట్టె అంచు మాడుతోంది, పొయ్యిలోంచి తియ్!" నిజంగానే మాడింది.

ఇంత అభివృద్ధిలో ఒక్కటే లోటు. సంరక్షణకు నోచుకోని చెట్టు వీధిలో ఒకటి మిగిలిపోయింది. అది మాదే. అత్తగారు పెళ్లయి వచ్చిన ఏడు నాటిన లిపా. జూన్‌లో అది పూస్తే వీధంతా తేనె వాసన. ఆవిడ నిచ్చెనెక్కి పూలు కోసి, తెల్లదుప్పటి మీద ఆరబెడుతుంది. చలికాలమంతా మాకు ఆ పూల టీనే. స్టామెన్ చిన్నప్పటి దగ్గులన్నీ దాంతోనే తగ్గాయి.

యోర్దానా ఊరుకుంటుందా? "మా చెట్లకు గుండు కొట్టి, మీ చెట్టుకు జడలు వేసుకుంటారా?" అని నలుగురిలో అడిగేసింది. సంస్థ పరువు ప్రశ్న!

అందుకే ఆ ఆదివారమే భోజనాల దగ్గర స్టామెన్ రకియా సారా గ్లాసు పట్టుకుని లేచాడు. "శనివారం మన చెట్టు పని. ఫొటోగ్రాఫర్ వస్తాడు. ముందొకటి, తర్వాతొకటి. రెండు ఫొటోలూ వ్యాన్ల మీద వేయిస్తాను."

నేను మనస్ఫూర్తిగా తల ఊపాను.  లేచి పూల టీ డబ్బా మూత తీసి, ఎంత మిగిలిందో చూసుకున్నాను.

అత్తగారు ఫోర్కు కింద పెట్టి, మూతి తుడుచుకుంది.

"మంచిది నాయనా. నేనూ ఒక మాట చెబుతా. ద్రాక్షతోట ఇంకా నా పేరు మీదే ఉందా?"

"ఉందమ్మా. ఇప్పుడదెందుకు?"

"లిపాలను ద్రాక్షలా చూశావు. ఈ ఏడు నేను ద్రాక్షను లిపాలా చూస్తా. ఒక్క తీగ కత్తిరించను, ఎవరినీ కత్తిరించనివ్వను. పాపం, ఆకాశం దాకా పెరగనీ."

"అమ్మా! పండుగకు వారమే ఉంది! కత్తిరించకపోతే కాయ కాయదు, వైన్ రాదు! ద్రాక్ష దారి వేరు, చెట్టు దారి వేరు! ఆ మాత్రం తెలియదా నీకు?"

 గ్లాసు అతని చేతిలోనే ఉండిపోయింది.

"మళ్లీ చెప్పరా" అంది అత్తగారు. "ఈ చెవికి సరిగ్గా వినబడదు. కిటికీ తెరిచి చెప్పు, యోర్దానాకూ వినబడుతుంది."

అతను కూర్చున్నాడు.

"శనివారం రంపం ఇంట్లోనే ఉంటుంది" అని ఆవిడే తేల్చేసింది. "ఆ ఫొటోగ్రాఫర్‌ను జూన్‌లో రమ్మను, పూలున్నప్పుడు. అమ్మాయ్, వాడికి ఇంకో రెండు క్యాబేజీ పొట్లాలు వడ్డించు."

వడ్డించాను. చెట్టుకు కొమ్మలు దండగ అన్న నా నమ్మకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మా చెట్టు సంగతి వేరు. భోజనాలయ్యాక స్టామెన్ జల్లెడను మూడుసార్లు సబ్బుతో తోమి మేకుకు తగిలించాడు. ఇంకా నూనె వాసన వస్తూనే ఉంది. పూలు పూసే వేళకు పోతుందిలెండి.