బొలీవియా మొక్కకు తులసి తీర్థం

ఆ రోజు పొద్దున్న అప్పయమ్మ అనుకున్న పని చిన్నదే. కొడుకు డ్యూటీకి వెళ్ళగానే ఎండలో కూర్చుని వడియాలు పెట్టుకోవాలి. కోడలు నీలవేణి పుట్టింటికి వెళ్ళింది కాబట్టి ఇంట్లో తనే. కానీ గూడ్సు బండి గార్డు చంద్రమౌళి పెట్టె గుమ్మంలో దించి, తల్లిని కిటికీ దగ్గరకు తీసుకుపోయాడు. అక్కడ కుండీలో నిమ్మకాయంత బొలీవియా ముళ్ళమొక్క ఉంది. ఏడేళ్ళ కిందట గింజ నాటి, బిలాస్‌పూర్ వేసవులన్నిటిలోనూ తడి గోనె నీడన బతికించుకున్నాడు. మొన్ననే మొదటిసారి దాని కుదురు దగ్గర ఆవగింజంత ఎర్రమొగ్గ కనిపించింది. ఆ పువ్వొకటి చూడాలని అతని ఆశ.

"అమ్మా, ఇయ్యాల ఒక్క చెంచా నీళ్ళు అంచున పొయ్యి. అంతకన్నా పడితే కుళ్ళిపోద్ది, మొగ్గా పోద్ది."

"ఏటిరా, ఇలా ముడుచుకుపోయింది?"

"చలికాలం అలాగే ఉంటాది. ఏటీ పర్లేదు. రేపు మధ్యాహ్నానికొచ్చెస్తాను."

ఏమీ పర్లేదని ఆమె భర్తను చూసిన డాక్టరు కూడా అన్నాడు. అప్పయమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. ఒళ్ళంతా నెరిసిన నూగు, ముడతలు, మట్టిలోకి కుంగిపోయిన మెడ. పైగా ఒక్క చెంచా నీళ్ళు. అలా ఎవరికి పోస్తారో డెబ్బై ఏళ్ళ మనిషికి ఒకరు చెప్పాలా? పాపం, నోటితో చెప్పలేక పిల్లడు డ్యూటీ వంకన తప్పించుకున్నాడనుకుంది. వడియాల పిండికి మూతపెట్టి, తలస్నానం చేసి, దేవుడి ఉద్ధరిణితో తులసి తీర్థం పోసి కళ్ళొత్తుకుంది.

పక్క క్వార్టర్ అనంతలక్ష్మి గోడ మీంచి చూసింది. "ఏటి పిన్నీ, ఏడుస్తన్నావు?"

సంగతి విని తనూ కొంగు కప్పుకుని వచ్చింది. "మన కళ్ళముందు పెరిగింది. నా చేతి చుక్క కూడా పడనీ" అని ఒక చెంచా పోసింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఇంటికెళ్ళి, "అప్పయమ్మ పిన్నింట్లో తులసి తీర్థం పోస్తన్నారు" అని నలుగురికి ఫోను చేసింది. ఎవరికని ఆవిడ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. అలాంటివి అడగరు.

సాయంత్రానికి మంగ్లా నుంచి బంధువులు, రైలింజన్ల షెడ్డులో పనిచేసేవాళ్ళు దిగారు. చూస్తే అప్పయమ్మ నిక్షేపంగా కుండీ ముందు కూర్చుని ఉంది. చెప్పులు విప్పాక ఊరికే వెనుదిరగడం మర్యాద కాదు. తలా ఒక చెంచా పోసి, "బాధపడకుండా పోతే అంతే చాలు" అని సానుభూతి చెప్పారు. మర్నాడు తఖత్‌పూర్ నుంచి ఆమె తమ్ముడు గోవిందరావు, దారిలో గోల్ బజార్లో బంతిపూల దండ కూడా కొనుక్కుని వచ్చాడు.

"అచ్ఛా, నువ్వు కాదా అక్కా?"

"నీకెప్పుడూ తొందరే."

దండ వెనక్కి పట్టుకుపోవడం అశుభమని కుండీకి వేశాడు. ముప్పై ఒకటో చెంచా అతనిదే.

మధ్యాహ్నం చంద్రమౌళి వచ్చేసరికి మెట్ల నిండా చెప్పులు, వరండాలో తలలు వంచుకున్న మనుషులు. ఎదురింటి త్రినాథరావు అతని భుజం తట్టి, "ధైర్యంగా ఉండు బాబూ. అందరం తీర్థం పోసేశాం" అన్నాడు.

అప్పయమ్మ తలెత్తేసరికి కొడుకు గుమ్మంలో కూలబడి ఉన్నాడు. ఆమె వెళ్ళి తల నిమిరింది. "ఊరుకో నాయినా, మనిషికైనా తప్పదు." అతను ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, వేడిగా ఉందో లేదో చూసుకుంటున్నట్టు చెంపకు ఆనించుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కొడుకు ఎవరు పోయారనుకుని కూలబడ్డాడో ఆమెకు తట్టనేలేదు. మొక్క మీద ఇంత ప్రేమా అని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

చాలాసేపటికి అతను కుండీ వైపు చూశాడు. దండ కింద మట్టి బురదై ఉంది. ఎదురుగా ఉద్ధరిణి పట్టుకుని తల్లి నిలబడి ఉంది.

"నీకోసమే ఆగిందిరా. నువ్వూ పొయ్యి."

పోశాడు.

నాలుగో నాడు మొగ్గ రాలి, మొక్క నిజంగానే కుళ్ళిపోయింది. అప్పటికి పరామర్శకు రావలసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.