నాలుగింతల పాకం

పరిగెత్తకుండా పరుగుల క్లబ్బులో కొనసాగడం ఎలా అన్నది రవికిరణ్ ఏడాదిగా చేస్తున్న పరిశోధన.

పుప్పాలగూడలో వాళ్ల అపార్ట్‌మెంటుకు ఒక రన్నర్స్ క్లబ్ ఉంది. చేరితే టీషర్టు ఇస్తారు. ఆదివారం పరుగయ్యాక అందరూ కలిసి ఇడ్లీలకు వెళతారు. రవికిరణ్ చేరింది ఆ రెండింటి కోసం. మధ్యలో వచ్చే పరుగును అతను లెక్కలోకి తీసుకోలేదు. ఒకసారి ఫొటోలు తీశాడు. ఒకసారి అందరి కారు తాళాలూ పట్టుకుని కూర్చున్నాడు. ఒకసారి మడమ నొప్పి అన్నాడు. ఏ మడమో మర్చిపోయి రెండు కాళ్లతోనూ కుంటుతూ నడిచాడు.

క్లబ్ కెప్టెన్ యోహానుది గుంటూరు. ఎవరితో మాట్లాడుతున్నా చేతి గడియారంలో గుండె వేగం చూసుకుంటుంటాడు. అందుకే గడియారం యోహాను అంటారు. ఈసారి ఆయన ఒక షరతు పెట్టాడు.

"ఆదివారం పది కిలోమీటర్లండి. డ్యూటీ ఉన్నవాళ్లు తప్ప అందరూ పరిగెత్తాలండి. రవికిరణ్ గారూ, మిమ్మల్ని చూసే అంటున్నానండి."

"నాకు డ్యూటీ ఉంది," అన్నాడు రవికిరణ్. అదేమిటో ఆ క్షణానికి అతనికీ తెలియదు. "ఎనర్జీ బార్లు! అందరికీ. ఇంట్లో చేసి తెస్తా."

యోహాను గడియారం చూసుకున్నాడు. "బార్లు వస్తే సరేనండి. రాకపోతే మీరు పరిగెత్తుతారండి."

శుక్రవారం సాయంత్రం రవికిరణ్ స్టవ్ వెలిగించాడు. భార్య కృష్ణప్రియ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఏం చేస్తాండారు?"

"ఎనర్జీ బార్."

ఆమె గిన్నెలోకి చూసింది. "బెల్లం, చెనక్కాయలు, నువ్వులు. మా హిందూపురం బస్టాండులో దీన్ని చిక్కీ అని అమ్ముతారు."

"ఇందులో ఓట్స్ ఉన్నాయి."

"ఓట్స్ పడితే దానికి ఇంగ్లీషు వచ్చేస్తాదా?"

ఒక పళ్లెం బార్లు తయారయ్యాయి. బాగానే వచ్చాయి. కృష్ణప్రియ ఒకటి తిని, "ఇంకో మూడు పళ్లేలు నేను చేసిచ్చేదా?" అంది.

"వద్దు. పైలట్ సక్సెస్. ఇక స్కేల్ చేయడమే," అన్నాడు రవికిరణ్. హైటెక్ సిటీలో అతని ఉద్యోగం ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం.

మొదటి పళ్లెం రాత్రికే ఖాళీ అయింది కాబట్టి శనివారం అతను నాలుగు పళ్లేలకు లెక్క వేశాడు. బెల్లం నాలుగింతలు. నీళ్లు నాలుగింతలు. వేరుశనగలు, నువ్వులు, ఓట్స్ నాలుగింతలు. లెక్కలో ఒక్కటి వదిలేసినా మొత్తం తప్పుతుందని ఉద్యోగం అతనికి నేర్పింది. కాబట్టి పాకం మంట మీద ఉండే సేపు కూడా నాలుగింతలు.

పాకం ఉండ కట్టే దశ దాటింది. గట్టిపడే దశ దాటింది. అతను గరిటె తిప్పుతూనే ఉన్నాడు. హాల్లో కృష్ణప్రియ టీవీ సౌండు పెంచింది.

పళ్లేల్లో పోసిన పాకం ఆరింది. పళ్లేన్ని బోర్లించి తట్టాడు. రాలేదు. కత్తి పెట్టి లేపాడు. కత్తి వంగింది. గిన్నెలు తోమడానికి వచ్చిన యాదమ్మ వంగి చూసింది.

"సార్, బాత్రూంల టైల్స్ మారుస్తున్నరా?"

రవికిరణ్ సుత్తి తెచ్చాడు. నాలుగు దెబ్బలు వేశాడో లేదో ఇంటర్‌కమ్ మోగింది. గేటు దగ్గర సెక్యూరిటీ.

"సార్, మీ ఫ్లాటుల పని నడుస్తున్నదని కిందోళ్లు పరేషాన్ ఐతున్నరు. శనివారం ఇంటీరియర్ పని బంద్ సార్. పర్మిషన్ తీస్కున్నరా?"

"వంట చేస్తున్నానయ్యా."

"వంటకు గంత సప్పుడేంది సార్?"

రవికిరణ్ సుత్తి కింద పెట్టి హాల్లోకి వచ్చాడు. "ప్రియా, బార్లు లేకపోతే రేపు నేను పరిగెత్తాలి."

"అయ్యో," అంది కృష్ణప్రియ, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. "సరే, నేను బాగు చేస్తా. కానీ చాకిరీ నాది, పేరు మీది అంటే కుదరదు. డ్యూటీ నా పేరున ఉండాల. క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఇప్పుడే చెప్పండి."

రవికిరణ్‌కు ఇది లాభసాటి బేరంగా తోచింది. బార్లు వస్తాయి, గరిటె తిప్పే పని తప్పుతుంది. వెంటనే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు: "ఇకనుంచి ఎనర్జీ బార్ల బాధ్యత పూర్తిగా కృష్ణప్రియది."

ఫోన్ ఇంకా చేతిలో ఉండగానే యోహాను నుంచి కాల్ వచ్చింది.

"మంచి వార్తండి. అంటే మీకిప్పుడు డ్యూటీ లేదన్నమాటేనండి. మీ నంబరు పట్టీ తీసిపెట్టానండి. షూస్ వేసుకుని వచ్చేయండి."

రవికిరణ్ భార్య వైపు తిరిగాడు. ఆమె అప్పటికే పళ్లేల అడుగులు సెగ చూపించి గడ్డలను ఊడదీసింది. గుడ్డలో చుట్టి పచ్చడి బండతో కొడుతోంది. కింది ఫ్లాటు దాకా చప్పుడు వెళ్లలేదు. ముక్కల మీద నీళ్లు చిలకరించి సన్నమంట మీద పెట్టింది. కరిగాక ఖర్జూరం ముద్ద కలిపి, పళ్లేల్లో సర్ది, వేడి మీదే కోసింది. ఈసారి బార్లు వేలితో తీస్తే వచ్చాయి.

ఆదివారం రవికిరణ్ అందరికంటే వెనక బయలుదేరాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు, సగం దూరం దాటాక, రోడ్డు పక్కన కృష్ణప్రియ బల్ల వేసుకుని కనిపించింది. బల్ల చుట్టూ రన్నర్లు. "మేడమ్, ఇంకోటి," అంటున్నారు. రవికిరణ్ చెయ్యి చాచాడు.

"మీది ఫినిష్ కాడ ఇస్తా."

అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు. "ప్రియా, నిన్న పాకం ముదిరిపోతోందని నీకు తెలీదా?"

"తెలీకేం? వాసన హాల్లోకే వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పింటే ఈ పొద్దు మీరు ఈడుంటారా? ఇంట్లో పడుకోనుంటారు. పదండి, పదండి."

కోపం అతన్ని తర్వాతి సిగ్నల్ దాకా తీసుకెళ్లింది. ఆ తర్వాత కాళ్లు వాటంతటవే ముందుకు కదిలాయి. దారిలో ఒక రన్నర్ లేసు కట్టుకోవడానికి ఆగాడు. రవికిరణ్ అతన్ని దాటేశాడు. అలా చివరినుంచి రెండోవాడిగా గీత దాటాడు. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. స్కూటీ మీద ముందే చేరిన కృష్ణప్రియ ఈల వేసింది. యోహాను మెడల్ మెడలో వేసి, "పది కిలోమీటర్లండి! నడవకుండానండి!" అన్నాడు. జీవితంలో మొదటిసారి గడియారం చూసుకోవడం మర్చిపోయాడు.

రవికిరణ్ ఛాతీ ఉబ్బింది. చుట్టూ చూశాడు. "ఇంతేనా? వచ్చేసారి హాఫ్ మారథానే కొడతా!"

"అందరూ విన్నారు కదండి," అన్నాడు యోహాను, ఫోన్ తీసి పేరు ఎక్కిస్తూ.

అప్పుడు కృష్ణప్రియ రవికిరణ్ నోట్లో బార్ పెట్టింది. ఒక్క నిమిషం ముందు పెట్టి ఉంటే ఆ మాట బయటికి వచ్చేది కాదు. ఆ నిమిషమంతా ఆమె బార్ చేత్తో పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.