తొమ్మిది వాఫుళ్లు, రెండు రేకులు

ఆదివారం పొద్దున హల్వోర్ వేసుకున్న పథకం చిన్నదే. పువ్వు అచ్చున్న పెనం మీద వాఫుళ్లనే తీపి అట్లు పొయ్యాలి, నోరు మూసుకోవాలి, కూతురి పరుగుకు గడియారం పట్టకూడదు. మూడింటిలో మొదటిది ఒక్కటే అతనికి చేతనైన పని.

కూతురు సున్నివాకు ఎనిమిదేళ్లు. కిందటి ఆకురాలు కాలంలో ఫుట్‌బాల్ మానేసింది. కారణం బంతి కాదు, గీత పక్కన నిలబడి గొంతు చించుకునే తండ్రి. ఇక మిగిలినవి మంచు మీద జారే స్కీలే. బూట్లు బిగించుకుంటూ ఆ పిల్ల తేల్చి చెప్పింది.

"నాన్నా, ఇవాళ టైము చూశావంటే ఈ స్కీలు కూడా అటకెక్కుతాయి."

"చూడను తల్లీ."

"ఫుట్‌బాల్‌కీ ఇదే అన్నావు."

"ఈసారి ఒట్టు."

నార్వేలో ఎల్వెడాల్ అనే ఆ ఊరి స్కీ సంఘానికి ఒక నియమం ఉంది. పదకొండేళ్లు రాని పిల్లలకు పరుగు ఉంటుంది గానీ పట్టిక ఉండదు. మొదటివాడు లేడు, ఆఖరివాడు లేడు, అందరికీ ఒకటే పతకం. మంచి నియమం. ఊరంతా దాన్ని నెత్తిన పెట్టుకుంటుంది. నెత్తిన పెట్టుకునే, ఏడేళ్ల పిల్లాడికి నెల జీతంలో సగం పోసి స్కీలు కొంటుంది. సమానత్వం గురించి ఎవడు ఎక్కువ మాట్లాడతాడో వాడి కారు డిక్కీలోనే స్కీలకు రాసే మైనం డబ్బాలు ఎక్కువ. నమ్మకపోతే తెరిచి చూడండి.

సంఘం అధ్యక్షురాలు బొర్గిల్డ్‌కు ఈ తండ్రుల సంగతి తెలుసు. ఆవిడ రిటైరైన టీచరు. వీళ్లలో సగం మందికి ఎక్కాలు నేర్పింది ఆవిడే. ఆ రోజు మైదానం గేటు దగ్గర పాల బకెట్టు పట్టుకొని నిలబడింది.

"వాచీలు, ఫోన్లు ఇందులో వెయ్యండి. సిగ్బ్యోర్న్, ఆ రెండో చేతిది కూడా."

"ఇది వాచీ కాదు టీచర్, నాడి చూసే పట్టీ," అన్నాడు పళ్ల డాక్టరు సిగ్బ్యోర్న్.

"స్కీ చేసేది నీ కొడుకు. నీ నాడితో ఎవరికిరా పని? వెయ్యి."

హల్వోర్ తన వాచీని బకెట్లో వేశాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇవాళ శ్రమదానంలో నీకు వాఫుళ్ల గుడారం. నువ్వు పెనం దాటి ఇవతలికి రావడానికి వీల్లేదు. ఎవరినీ ఉత్సాహపరచొద్దు. నీ ఉత్సాహానికి కిందటేడు రిఫరీ ఏడ్చాడు."

ఇరవై ఆరుగురు పిల్లలు వరుసలో నిలబడ్డారు. "మనకు ముఖ్యం పాల్గొనడం!" అని బొర్గిల్డ్ మైకులో చెప్పి ఈల ఊదింది. అందరూ ఒక్కసారే అడవిలోకి జారిపోయారు. ఈల మోగిన క్షణానే హల్వోర్ చెయ్యి దానంతటదే గరిటె ఎత్తి, పెనం మీద పిండి పోసి, మూత వేసింది.

హల్వోర్‌కు ఇరవై ఏళ్లుగా తెలిసిన సంగతి ఒకటుంది. ఆ పెనం మీద ఒక వాఫుల్ సరిగ్గా రెండున్నర నిమిషాల్లో కాలుతుంది. ఒక్కో వాఫుల్‌కు ఐదు రేకులు. అంటే రేకుకు అర నిమిషం. అతనేమీ గడియారం చూడలేదు. వాఫుళ్లు పోశాడు, అంతే. పోసినవి లెక్కపెట్టుకోకూడదని ఎవరూ అనలేదు. లెక్కపెట్టినవి కాగితం మీద రాయకూడదని కూడా ఎవరూ అనలేదు.

ముందుగా సిగ్బ్యోర్న్ కొడుకు ఈవెర్ వచ్చాడు. నాలుగు వాఫుళ్లు. తర్వాత గుంపుగా ఐదులు, ఆరులు. సున్నివా అందరికన్నా ఆఖర్న వచ్చింది. తొమ్మిది వాఫుళ్లు, రెండు రేకులు. హల్వోర్ కాగితం మీద రాసుకున్నాడు. తొమ్మిదా! ఆ కాగితాన్నే మళ్లీ మళ్లీ చూస్తూ నిలబడ్డాడు.

కాఫీ కోసం వచ్చిన బొర్గిల్డ్‌కు పిండి గిన్నె కింది నుంచి తొంగిచూస్తున్న ఆ కాగితం కనబడింది. లాగింది.

"ఏంట్రా ఇది? ఈవెర్ నాలుగు, సున్నివా తొమ్మిది?"

నిజం చెబితే స్కీలు అటకెక్కుతాయి. హల్వోర్ నోరు బుర్రకన్నా ముందు కదిలింది. "ఎవరెన్ని తిన్నారో రాసుకున్నాను టీచర్."

"నీ కూతురు తొమ్మిది తిన్నదా!"

"రెండు రేకులు కూడా. బాగా ఆకలి మీదుంది."

బొర్గిల్డ్ మొహం ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే సిగ్బ్యోర్న్ ఆవిడ భుజం మీంచి తొంగిచూశాడు.

"నా కొడుక్కి నాలుగేనా? మీ అమ్మాయికి తొమ్మిదా? ఇదేం సంఘమండీ, సొంత పిల్లలకు దోచిపెట్టుకునే సంఘం!"

"నువ్వు పళ్ల డాక్టరువి కదయ్యా, తక్కువ తింటే సంతోషించాలి," అన్నాడు హల్వోర్.

"సంతోషం వేరు, హక్కు వేరు!"

ఐదు నిమిషాల్లో గుడారం ముందు సర్వసభ్య సమావేశం మొదలైంది. ఈ దేశంలో ముగ్గురు నిలబడితే చాలు, సమావేశమే. చర్చ జరిగింది, తీర్మానం జరిగింది. పిల్లల మధ్య తేడా పనికిరాదు, కనుక ప్రతి ఒక్కరికీ సున్నివాతో సమానంగా తొమ్మిది వాఫుళ్లు, రెండు రేకులు అందాలి. లోటు వెంటనే పూడ్చాలి.

ఇరవై ఐదుగురు పిల్లల లోటు పూడ్చాలంటే మాటలా? పిండి అయిపోయింది. ఆదివారం, దుకాణాలు మూత. తల్లులు ఇళ్లకు పరుగెత్తి పిండి, గుడ్లు, పెనాలు పట్టుకొచ్చారు. ఎనిమిది పెనాలు ఒక్కసారే కరెంటుకు తగిలించారు. ఫ్యూజు పోయింది, మైకు పోయింది, కాఫీ యంత్రం కూడా చల్లబడింది. అప్పటిదాకా న్యాయం గురించి మాట్లాడినవాళ్లు అప్పుడు నిజంగా కోపం తెచ్చుకున్నారు. ఎలక్ట్రీషియన్ తండ్రి ఒకడు ఫ్యూజు మార్చాడు. పెనాలు మళ్లీ సెగలు కక్కాయి. జాము, గోధుమరంగు జున్ను పెట్టి పిల్లల చేతుల్లో కుక్కారు. సున్నివా చెయ్యి చాస్తే మాత్రం "నీ వాటా అయిపోయింది" అని ముగ్గురు తల్లులు తరిమారు.

మూడో వాఫుల్ దగ్గర ఈవెర్ మంచులో వెల్లకిలా పడిపోయాడు. వాడి పక్కనే ఇంకో పదిమంది. మధ్యాహ్నం ఆటలకు లేచి నిలబడగలిగేవాళ్లు లేరు.

"ఇంకో మూడే కదరా, హక్కురా అది, తిను!" అంటున్నాడు సిగ్బ్యోర్న్.

"నాన్నా, నేనసలు ఇందాక ఒక్కటి కూడా తినలేదు," అని మూలిగాడు ఈవెర్. "నాకు వాఫుళ్లే ఇష్టం లేదు."

"నేనూ తినలేదు," అంది సున్నివా. "నాకిష్టం. అయినా ఎవరూ పెట్టట్లేదు."

సున్నివా బొర్గిల్డ్ చేతిలోని కాగితం అందుకొని పైనుంచి కిందికి చదివింది. పెనం వంక చూసింది. తండ్రి వంక చూసింది.

"ఇది టైము కదా నాన్నా."

హల్వోర్ తల వంచుకున్నాడు. "అవునమ్మా."

"నాకు తొమ్మిది ఎందుకయ్యాయో అడగవా? వాగు దగ్గర నక్క అడుగులు కనిపించాయి. వాటి వెంట కొంచెం దూరం వెళ్లాను. వచ్చి నీకు చెబుదామని ఎంత నవ్వుకుంటూ వచ్చానో. నువ్వు కాగితం చూస్తున్నావు."

నోరు తెరిచింది సిగ్బ్యోర్న్ ఒక్కడే.

"అయినా ఈ లెక్క తప్పు. ఈవెర్‌కు నాలుగు వాఫుళ్లు, అంటే పది నిమిషాలు, కచ్చితంగా పట్టలేదు. నా నాడి లెక్కన తొమ్మిది నిమిషాలే!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అందరూ అతని మణికట్టు చూశారు. పట్టీ బకెట్లో ఉన్నా వేళ్లు మాత్రం పొద్దున్నుంచి అక్కడే ఉన్నాయి. ఇంకొక తండ్రి జేబులోంచి పైన్ కాయలు బయటపడ్డాయి, నిమిషానికి ఒకటి. ఒక తల్లి అల్లుతున్న మేజోడులో ఏ వరస దగ్గర ఏ పిల్ల వచ్చిందో పేరు గుచ్చి ఉంది.

"సిగ్గుండాలి మీకు!" అంది బొర్గిల్డ్. "తొమ్మిది కాదు, పదకొండు చరణాలు. నేను మనసులో కీర్తన పాడుతూ..." ఆగిపోయింది. చేతిలోని ఈల జేబులో పెట్టేసుకుంది.

సున్నివా తన స్కీలు విప్పింది. ఇక అవి అటకెక్కినట్టే అనుకున్నాడు హల్వోర్. కానీ ఆ పిల్ల వాటిని జాగ్రత్తగా మంచులో నిలబెట్టి, గుడారంలోకి వెళ్లి, తండ్రి చేతిలోంచి గరిటె లాక్కుంది.

"టైము చూసినవాళ్లందరూ గీత దగ్గరికి రండి. మీరూ టీచర్. కార్లలో స్కీలున్నాయిగా. ముఖ్యం పాల్గొనడం."

మూడేళ్లుగా స్కీ ఎక్కని పెద్దవాళ్లు పందొమ్మిది మంది అడవిలోకి వెళ్లారు. బొర్గిల్డ్ అందరికన్నా ముందొచ్చింది. హల్వోర్ అందరికన్నా ఆఖర్న, గడ్డం నిండా మంచుతో, ఒక కర్ర విరగ్గొట్టుకొని వచ్చాడు. అయినా నవ్వుతున్నాడు.

"నక్క అడుగులు చూశాను," అన్నాడు రొప్పుతూ. "వాగు దాటి బండల వైపు వెళ్లాయి."

సున్నివా గరిటె ఆపింది. "బండలదాకా వెళ్లావా?"

"వెళ్లాను. అందుకే ఆలస్యం. ఇంతకీ ఎంత?"

"పట్టిక లేదు నాన్నా. వచ్చే ఆదివారం బండల వెనక చూద్దాం."

సున్నివా పోసినవాటిని మంచులో పడుకునే కాగితం మీద రాసిన ఈవెర్ లెక్క ప్రకారం హల్వోర్‌కు పట్టింది పద్నాలుగు వాఫుళ్లు, కానీ వాటిలో ఆరు సున్నివా తినేసింది కాబట్టి అధికారికంగా ఎనిమిదే.