తొమ్మిదడుగుల రాబందు

రాబందు తొమ్మిదడుగులకు మించి ఎగరలేదని అధికారికంగా తేలిపోయినట్టు ప్రజలకు సంతోషంతో తెలియజేస్తున్నాం. ఇన్నాళ్ళూ మా జూలో దాని బోను ముందు, "ఈ పక్షి విమానాలు తిరిగే ఎత్తుకు, అంటే పదకొండు వేల మీటర్లకు ఎగరగలదు" అని ఒక బోర్డు ఉండేది. టికెట్టు కొని లోపలికొచ్చిన ఒక పెద్దమనిషి సాయంత్రం దాకా నిలబడి చూసినా రాబందు కొమ్మ మీంచి కదల్లేదు. తనను నిలువునా మోసం చేశారని ఆయన ఫిర్యాదు చేశాడు.

జూ డైరెక్టరుగారు న్యాయం కోసం ప్రాణమైనా ఇచ్చే మనిషి. పాపం, అదే వారం ఆయనకు ఇంట్లో కూడా ఒక చిక్కు వచ్చిపడింది. కూతురికి దూరపు నగరంలో, వాతావరణ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ఆదివారంలోగా చేరతానో లేదో చెప్పకపోతే అది ఇంకొకరికి పోతుంది. నాన్న ఊఁ అంటే చాలని ఆ పిల్ల కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది. అయితే ఇంటి సంగతికన్నా ప్రజల సంగతి ముఖ్యం కనుక డైరెక్టరుగారు ముందు రాబందు మీద కమిటీ వేశారు.

కమిటీ బోను ముందు కుర్చీలు వేసుకుని కూర్చుంది. రాబందును కర్రతో అదిలించారు. అది రెక్కలు విప్పబోయింది. విప్పడానికి చోటు చాలక, విప్పినంత మేరకే పైకి లేచి, బోను పైకప్పు ఇనుప కమ్మీలకు తల కొట్టుకుని కింద పడింది. టేపు పెట్టి చూస్తే తొమ్మిదడుగులు. ముచ్చటగా మూడుసార్లు అదిలించారు. మూడుసార్లూ తొమ్మిదే. విజ్ఞానశాస్త్రంలో ఇంతటి నిలకడ అరుదు.

కొత్తగా వచ్చిన పశువైద్యుడు నోరు జారాడు.

"సార్, పైకప్పు అడ్డమొస్తోంది కదండీ?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఎగరలేక కప్పు మీద నెపమా? మనం కొలుస్తున్నది పక్షినయ్యా, కప్పుని కాదు!" అన్నారు డైరెక్టరుగారు.

కమిటీ చప్పట్లు కొట్టింది. పశువైద్యుడు అందరికంటే గట్టిగా కొట్టాడు. బదిలీల కాలం మరి.

ఊపు మీదున్న కమిటీ మిగతా వాటి సంగతీ తేల్చేసింది. మహాపర్వతాలు దాటి వలసపోతుందని పేరుపడ్డ బాతు, రెక్కలు కత్తిరించి ఉండటం వల్ల తొట్టిలోనే ఈదింది. "ఎగిరే ఆసక్తి లేదు" అని రాశారు. గబ్బిలం ఆఫీసు వేళల్లో తలకిందులుగా వేలాడుతూ పట్టుబడింది కనుక దాని ఎత్తును కిందికి లెక్కగట్టారు. ఇంతలో క్యాంటీను వెనక కోడిని కుక్క తరిమింది. కోడి ప్రాణభయంతో ఎగిరి పదడుగుల ప్రహరీ గోడెక్కింది. కమిటీ యావత్తూ లేచి నిలబడింది.

కోడికి ఘనంగా సన్మానం జరిగింది. "పుకార్లు నమ్మి ఇంతకాలం రాబందుల్ని నెత్తినెక్కించుకున్నాం. ఎవరి ఎత్తెంతో తేల్చేది ఆకాశం కాదు, మనం!" అని డైరెక్టరుగారు ఉపన్యసించారు. తర్వాత జరిగిన విందులో కోడి కూడా పాల్గొంది. ఏ హోదాలో అన్నది మాత్రం నివేదికలో లేదు. తొమ్మిదడుగులకు అంత తిండెందుకని రాబందుకు రోజూ వేసే మాంసంలో సగం కోత పెట్టారు.

ఆదివారం రానే వచ్చింది.

"నాన్నా, ఇవాళ చెప్పెయ్యాలి" అంది కూతురు.

డైరెక్టరుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "నువ్వెప్పుడైనా ఒక్కదానివీ మన వీధి చివర దాటావా?"

"మీరు దాటనిస్తేగా!"

"నేనడిగింది అది కాదు. దాటావా, లేదా?"

"లేదు."

"చూశావా మరి! వీధి దాటనిదానివి అంత దూరం ఎలా వెళ్తావమ్మా? ఆకాశానికి నిచ్చెనలు వేయకు."

వంటింట్లోంచి తల్లి ఏదో అనబోయి ఆగిపోయింది. ఆవిడ ఎత్తు పెళ్ళయిన కొత్తలోనే కొలిచేశారు. ఆ పిల్ల తన గదిలోకి వెళ్ళిపోయింది. తండ్రంటే అలా ఉండాలని ఇరుగుపొరుగు ఏకగ్రీవంగా మెచ్చుకున్నారు.

రాబందు దగ్గర మీరూ బాగానే నవ్వి ఉంటారు. నవ్వండి, కాదనను. కాకపోతే కాస్త మెల్లగా నవ్వండి. పక్కగదిలో మీ అమ్మాయి ఉంది, ఎందుకు నవ్వుతున్నారని వచ్చి అడగగలదు.