బండిలో వేణ్ణీళ్ళు

ఎండ ముదరకముందే మామగారికి కొత్త బండిలో వేణ్ణీళ్ళ స్నానం చేయించి, అందరూ తంజావూరు బయలుదేరాలన్నది మురుంగపాక్కంలో ఉండే దినకరన్ వేసుకున్న పథకం. పాత వ్యాను ఒకటి కొని, అందులో మంచం, పొయ్యి, స్నానాలగది అమర్చడానికి అతను ఏడాది ఆదివారాలన్నీ ధారపోశాడు. "పొద్దున్నే వేణ్ణీళ్ళు లేని తావుకు నేను రాను" అంటూ మామగారు పట్టాభిరామన్ కూతురి పెళ్ళయినప్పటినుంచి ఆమెతో ఏ ఊరూ వెళ్ళలేదు. నాయినతో కలిసి ఒక్క ఊరైనా చూడాలని సుగంధికి ఎంతో ఆశ. అందుకే దినకరన్ బండికి గ్యాస్ గీజర్ కూడా బిగించాడు. దానికి నీళ్ళు నిలవుంచే తొట్టి ఉండదు, కొళాయి తిప్పగానే మంట అంటుకుని నీళ్ళు కాగుతాయి.

కొళాయి తిప్పాడు. మంట అంటుకోలేదు. సుగంధి తిప్పింది. అంటుకోలేదు. పట్టాభిరామన్ ఊళ్ళో నీళ్ళ పంపు నడిపి రిటైరైన మనిషి. ఆయన ఇంట్లో కొళాయి దారమంత సన్నగా పారాలి, అంతకు మించితే చెవులు చిల్లులు పడేలా కేకలేస్తాడు. కూతురు అలాగే పెరిగింది, అల్లుడూ అలాగే అలవాటు పడ్డాడు. ఇద్దరూ భయభక్తులతో దారమంతే తిప్పారు.

"ఏందల్లుడా, ఇంకా కాలేదా? నూనె చెవుల్లోకి దిగతా వుండాది!" తలకు నూనె పట్టించి, తుండు కట్టుకుని నిలబడ్డ మామగారు విసుక్కున్నాడు.

"ఒక్క నిమిషం మామా! గ్యాసు అయిపోయినట్టుండాది."

వంటింటి సిలిండర్ తెచ్చి బండికి తగిలించాడు. ఇంట్లో ఇడ్లీలు సగం ఉడికి ఆగిపోయాయి. మంట మాత్రం రాలేదు. ఎదురింటి అణ్ణాదురై పిలవకుండానే వచ్చి, "పైపులో గాలి నిలిచిపోయింటాది, ఇట్లా ఇయ్యి" అంటూ స్పానర్ లాక్కున్నాడు. గాలి వచ్చిందో లేదో గానీ గ్యాసు మాత్రం గుప్పున వచ్చింది.

"అయ్యయ్యో, గ్యాసు లీకు! అందురూ బయటికి రాండి!" పక్కింటి అంజలై కేకకు వీధి వీధంతా రోడ్డు మీదికి వచ్చింది. ఆమె పట్టాభిరామన్‌ను చెయ్యి పట్టి లాక్కొచ్చి అందరి మధ్యా నిలబెట్టింది. అణ్ణాదురై గబగబా పైపు బిగించాడు. వాసన పోయింది కానీ, తుండుతో నూనె కారుతూ నిలబడ్డ పెద్దమనిషిని చూడనివాళ్ళు ఆ వీధిలో మిగల్లేదు.

"నేను రాను. మీరే పోండి" అన్నాడాయన.

సుగంధికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మొహం కడుక్కుందామని బండిలోకి దూరి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కొళాయిని పూర్తిగా తిప్పేసింది. భగ్గుమని గీజర్ అంటుకుంది. పొగలు కక్కుతూ నీళ్ళు దూకాయి. నీళ్ళు దండిగా పారితే తప్ప ఆ యంత్రం వెలగదని అప్పటికి గానీ ఎవరికీ తెలియలేదు. ఇంటిల్లిపాదీ పట్టాభిరామన్ వైపు చూశారు.

"నన్నేంది సూస్తారు? నీళ్ళు వేస్టయిపోతా వుండాయి, తప్పుకోండి!" అని ఆయన లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

తృప్తిగా స్నానం చేసి, నామం పెట్టుకుని, ముందు సీట్లో ఠీవిగా కూర్చున్నాడు. సుగంధి మొహం విప్పారింది. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పింది. బండి కిక్కురుమనలేదు. పొద్దున్నుంచీ సాగిన పరీక్షల్లో గీజర్‌కు నీళ్ళు తోడే మోటారు బండి బ్యాటరీని పీల్చేసింది.

"తొయ్యాల మామా. కొంచెం దిగతారా?"

"వేణ్ణీళ్ళు పోసుకోని గాలికి నిలబడితే జలుబు చేస్తాది. నేను దిగను."

పెళ్ళయిన ఇన్నేళ్ళకు సుగంధి తండ్రితో చేసిన మొదటి ప్రయాణం కడలూరు రోడ్డు మలుపు దాకా దివ్యంగా సాగింది, తోసింది అల్లుడు.