నొప్పి తెలియని నూరేళ్ళ చరిత్ర

హైస్కూలు చరిత్రను చరిత్ర తెలిసినవాళ్ళ చేత రాయించకూడదు! కాదంటారా? నూరేళ్ళు నిండిన బడికి కావలసింది సావనీర్. చరిత్ర మనసులు నొప్పిస్తుంది. సావనీర్ ఫొటోలు వేస్తుంది.

మా ఊరి సోషల్ మాస్టారికి ఈ లోకజ్ఞానం లేదు. ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పీ చెప్పీ, చరిత్రంటే జరిగిందే అనుకుంటారు పాపం. నూరేళ్ళ ఉత్సవాల కమిటీ బడి చరిత్ర రాయమని అడగడమే తడవుగా, చెదలు సగం చదివేసిన రిజిస్టర్లు తిరగేసి, తుమ్ముతూ దగ్గుతూ నూటఎనభై పేజీలు రాసుకొచ్చారు.

కమిటీ అధ్యక్షుడు సిమెంటు వ్యాపారి, పూర్వవిద్యార్థి. రెండో పేజీలోనే ఆగిపోయాడు.

"ఇదేంటి మాస్టారూ? మా తాతయ్య బడి మీద కేసు వేశాడా?"

"పదకొండేళ్ళు నడిపారండి, ఈ స్థలం గోడౌనుకు కావాలని. ఓడిపోయాక బడికి అధ్యక్షుడయ్యారు."

"ఆ ఓడిపోయేదాకా తీసెయ్యండి. మిగతాది బ్రహ్మాండంగా ఉంది!"

ఎంత విశాల హృదయం! పైకప్పు కూలిన ఏడాదిని హెడ్మాస్టరు "ఆరుబయట బోధనకు నాంది" అని దిద్దారు. అధ్యక్షుడు పదో తరగతి మూడుసార్లు తప్పడం "పదో తరగతితో సుదీర్ఘ అనుబంధం" అయింది. నూటఎనభై పేజీలు ఆరుకు దిగాయి. మాస్టారు గంగిరెద్దులా తలూపుతూనే ఉన్నారు.

ఒక్క పేజీ దగ్గర మాత్రం ఊపలేదు.

మగపిల్లల్నే చేర్చుకునే రోజుల్లో, ఇస్త్రీ చేసుకు బతికే ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. కుదరదన్నారు. ఆవిడ తొమ్మిది రోజులు గేటు ముందు కూర్చుంది. పదో రోజు, జోరువానలో, రిజిస్టరులోకి మొదటి ఆడపిల్ల పేరెక్కింది.

"ఆవిడ ఫొటో ఉందా?" అన్నాడు అధ్యక్షుడు.

"లేదండి."

"ఫొటో లేనివాళ్ళు చరిత్రలో ఎలా ఉంటారు మాస్టారూ?"

తిరుగులేని వాదన! పేజీ ఎగిరిపోయింది.

సభ రోజున వందన సమర్పణకని మాస్టారికి రెండు నిమిషాలిచ్చారు. ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. ఆ పేజీ మొత్తం చదివారు. వెనక వరసలో పదో తరగతి అమ్మాయి ఒకతె లేచి నిలబడింది. తర్వాత ఇంకొకతె. తర్వాత ఆ వరస వరసంతా.

హాలంతా చప్పట్లు. గాలి ఎటు వీస్తోందో అధ్యక్షుడికి ఇట్టే తెలిసిపోయింది. చటుక్కున మైకు అందుకున్నాడు.

"ఆ తల్లికి అండగా నిలిచింది మా తాతయ్యే!"

మాస్టారు వినయంగా మైకు దగ్గరికి వంగారు.

"అవునండీ. ఆ తొమ్మిది రోజులూ గేటుకు తాళం వేయించింది ఆయనే."

హాలు గొల్లుమంది.

చూశారా, ఒక్క పేజీకే ఎంత అనర్థమో! మిగతావి కూడా చదివితే, బడిని నిలబెట్టిందెవరో, పక్కన నిలబడి ఫొటో దిగిందెవరో పిల్లలకు తెలిసిపోదూ?