గరగరకు గ్యారంటీ

సంగీతాభిమానులందరికీ తెలియజేయడమేమనగా, రాబోయే ఆదివారం ఉదయం పదకొండు గంటలకు పాత శాంప్లర్ల ప్రేమికుల సంఘం ఆరవ వార్షిక తులనాత్మక శ్రవణ సభ కార్యదర్శిగారి ఇంటి ముందుగదిలో జరుగును. శబ్దాన్ని అత్యంత ఘనంగా పాడుచేయగల యంత్రమేదో ఆ సభలో తేల్చి, దాని యజమానికి ప్రశంసాపత్రం ఇవ్వబడును. స్పష్టమైన ధ్వని గల యంత్రాలను గుమ్మం బయటే వదలవలెను. చెప్పులు మాత్రం లోపలికి తేవచ్చును. వాటి చప్పుడు సంఘానికి పనికొస్తుంది.

ఈ ప్రకటనను కార్యదర్శిగారు సొంత దస్తూరీతో మూడు ప్రతులు రాసి, ఒకటి అధ్యక్షుడికీ, ఒకటి ఉపాధ్యక్షుడికీ ఇచ్చి, మూడోది తనకు తానే అందజేసుకుని అందినట్టు సంతకం పెట్టాడు. సంఘంలో ఉన్నది ఆ ముగ్గురే. పదవులన్నీ భర్తీ అయ్యాయి. సభ్యుల కోసం వెతుకుతున్నారు.

కార్యదర్శికి కళ్లద్దాల షాపులో ఉద్యోగం. అందుకని అందరూ ఆయన్ని అద్దాలాయన అంటారు. పొద్దున్న పది నుంచి సాయంత్రం ఆరు దాకా జనం కళ్లకు మసక వదిలించడం ఆయన వృత్తి. ఆరు దాటాక శబ్దానికి మసక పట్టించడం ఆయన ప్రవృత్తి. ఈ రెంటికీ మధ్య ఆయనకు ఏనాడూ ఏ వైరుధ్యమూ కనిపించలేదు. బహుశా ఆయన అద్దాల నంబరు మారి ఉంటుంది.

శాంప్లర్ అంటే తెలియని అమాయకులు ఇంకా ఉన్నారు గనుక రెండు ముక్కలు. అది ఒక పెట్టె. ఏ శబ్దం వినిపించినా అందులోంచి ఒక ముక్క కొరికి బుగ్గన పెట్టుకుంటుంది. మీట నొక్కినప్పుడల్లా ఆ ముక్కనే అప్పజెబుతుంది. ఇప్పటి పెట్టెలు గంటల తరబడి గుర్తుపెట్టుకుని, విన్నది విన్నట్టు చెబుతాయి. అందుకే వాటికి మర్యాద లేదు. పాతకాలపు పెట్టె పది సెకన్లు మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. శ్రుతికి లోటు లేదు గాని స్మృతి తక్కువ. ఆ పది సెకన్లయినా జలుబు చేసిన గొంతుతో, గరుగ్గా చెబుతుంది. దాన్ని తయారుచేసిన ఇంజనీర్లు అప్పట్లో ఆ గరుకుకు సిగ్గుపడి, వెంట ఇచ్చే పుస్తకంలో ఒక పేజీ నిండా క్షమాపణ రాసుకున్నారు. ఆ పేజీకి అద్దాలాయన ఫ్రేము కట్టించి ముందుగది గోడకు తగిలించాడు.

అద్దాలాయన యంత్రం పన్నెండు బిట్లది; బిట్లు తగ్గినకొద్దీ శబ్దం గరుకు. ముద్దుపేరు ముసలావిడ. ప్లగ్గు పెట్టగానే, ఎవరూ అడగకుండానే, లోపల్నుంచి ఒక సన్నని గరగర మొదలయ్యేది. అలాంటి గరగర మరే యంత్రంలోనూ లేదని సంఘం తీర్మానం నంబరు ఒకటి. యంత్రంలో ఉన్నది హమ్ము, యజమానిలో ఉన్నది అహమ్ము. రెండూ ఒకే స్థాయిలో పలికేవి. అధ్యక్షులు పళ్ల డాక్టరు. వారిది ఎనిమిది బిట్ల యంత్రం, ఇంకా మొరటు. అందులోంచి ఏ శబ్దం వచ్చినా పంటికి డ్రిల్లు తగిలినట్టుంటుంది. వృత్తిరీత్యా వారికి అది జోలపాట. ఉపాధ్యక్షులు పెద్దాయన, ఒకప్పుడు సినిమా పాటలకు డ్రమ్ములు వాయించి విరమించుకున్నవారు. వారి యంత్రం ఆటబొమ్మంత ఉంటుంది, ఒకే ఒక్క సెకను గుర్తుపెట్టుకుంటుంది. ఆ మాటకొస్తే పెద్దాయనకూ అంతే గనుక వాళ్లిద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు.

ఈ యంత్రాలతో ఏ పాటలు చేశారని మీరు అడగకండి. తొందరపాటుతనం అవుతుంది. చేయడానికి ముందు పోల్చాలి. పాత సామాన్ల కొట్లో దొరికిన, పేరు చెరిగిపోయిన రికార్డు ఒకటి సంఘానికి ఉంది. దాని మొదట్లో ఒక్క డ్రమ్ము దెబ్బ ఉంది: ధప్పు. ఆరేళ్లుగా ప్రతి ఆదివారమూ ఆ ధప్పునే పోలుస్తున్నారు. యంత్రం జ్ఞాపకం చాలదు గనుక రికార్డును ఉండవలసినదానికన్నా వేగంగా తిప్పి, ధప్పును గబుక్కున లోపలికి తోసి, వెంటనే సూది ఎత్తేస్తారు. తర్వాత యంత్రంలో దాన్ని నెమ్మదిగా సాగదీస్తారు. సాగదీస్తే శబ్దం అంచులు పిగులుతాయి. ఆ పిగుళ్లలోనే ఆత్మ ఉంటుందని తీర్మానం నంబరు రెండు. వినేటప్పుడు ముగ్గురూ గోడవైపు తిరిగి, క్షమాపణ పేజీకి ఎదురుగా కళ్లు మూసుకుని కూర్చోవాలని తీర్మానం నంబరు మూడు. విన్న తర్వాత, "ఇందులో తడి దుమ్ముంది" అని ఒకరూ, "అటక మీద మడతపెట్టిన దుప్పటిలా ఉంది" అని ఒకరూ అంటారు. ఆ ధప్పు తర్వాత పాటలో ఏముందో సంఘంలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని తీర్మానమేదీ లేదు.

ఇంతకీ ఆ ఇంటి ఇల్లాలు దర్జీ. ముసలావిడ ముందుగదిలో స్థిరపడిన నాటినుంచి ఆవిడ కుట్టుమిషను వసారాలో ఉంటోంది. మోటారు తీగను కిటికీలోంచి లాగి ముందుగదిలోని ఏకైక ప్లగ్గుబోర్డుకు తగిలించుకుంటుంది. వాన జల్లు పడితే ప్లాస్టిక్ పట్టా, ఎండ పడితే తలమీద తువ్వాలు. సభ జరిగే వేళ కుట్టరాదని తీర్మానం నంబరు నాలుగు. ఆ తీర్మానం జరిగినప్పుడు ఆవిడ టీ ఇవ్వడానికి లోపలికెళ్లింది గనుక ఏకగ్రీవమైంది.

సభకు వారం ముందు ఆవిడ నోట్లోని గుండుసూదులు తీసి అడిగింది.

"ఏవండీ, ఆరేళ్లయింది. ఒక్క పాటైనా చేశారా?"

"పోల్చడం తేలాలి కదే."

"పోల్చి పోల్చి పెళ్లి మానుకున్నవాళ్లను చూశాను గానీ, పెళ్లయ్యాక కూడా కూర్చుని పోల్చేవాణ్ణి మిమ్మల్నే చూశాను. సరే, ఒక్క మాట. ఈ ఆదివారం మీ ముసలావిడ గెలిచిందా, గది మీది. జన్మలో నోరెత్తను. ఓడిందా, నా మిషను లోపలికొస్తుంది, మీ పెట్టె వసారాలోకి పోతుంది."

"వసారాలో తడిస్తే?"

"ఇంకాస్త గరుగ్గా పలుకుతుంది. మీకు కావలసింది అదేగా!"

అద్దాలాయన ధీమాగా ఒప్పుకున్నాడు. ముసలావిడ గరగర ఉండగా ఓటమి ఏమిటి?

మంగళవారం ఆయన షాపులో ఉండగా బావమరిది వచ్చాడు. రేడియోలు, మిక్సీలు, చెవిటి మిషన్లు బాగుచేయడం అతని పని. అక్క ఇచ్చిన టీ తాగుతూ, ఊరికే కూర్చోలేక ముసలావిడకు ప్లగ్గు పెట్టాడు. గరగర వినిపించింది. మంచి మనసు గలవాడు. నొప్పితో మూలిగేదాన్ని వదిలి వెళ్లలేకపోయాడు. మూత విప్పాడు. ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్చాడు, దుమ్ము దులిపాడు, ఊడిన తీగ అతికాడు, బిగించి మీద ఒక చీటీ పెట్టాడు: "బావా, నీ మిషను బాగైంది. ఏడాది గ్యారంటీ."

సాయంత్రం అద్దాలాయన మీట నొక్కాడు. ధప్పు గాజుబొమ్మలా తళతళా పలికింది. ముందూ వెనకా నిశ్శబ్దం. ఆయన పెట్టిన కేకకు పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందన్నయ్యా?"

"బాగైపోయిందమ్మా!" అని ఆయన కుప్పకూలాడు.

పోయింది అన్న ముక్క మాత్రమే ఆవిడకు వినపడింది. పాపం, చాలాసేపు ఓదార్చింది.

మర్నాడు బావమరిదిని పిలిపించారు.

"ఎవడు బాగుచేయమన్నాడ్రా నిన్ను? ఆ పాత ముక్కలేవీ?"

"చెత్తబండిలో వేశాను బావా. మళ్లీ పాడైతే చెప్పు, ఉచితంగా చేస్తాను."

"మళ్లీ పాడుచెయ్యి! అదే అడుగుతున్నాను!"

బావమరిది ముఖం మాడిపోయింది. "ఇరవై ఏళ్లుగా ఈ చేతులతో బాగుచేస్తున్నాను బావా. పాడుచెయ్యమంటే ఈ చేతులు వణుకుతాయి. కావాలంటే నన్ను తిట్టు. నా పనిని మాత్రం తిట్టకు" అని స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇక అద్దాలాయన స్వహస్తాలతో పూనుకున్నాడు. బుధవారం ముసలావిడను స్నానాలగదిలో ఆవిరికి పెట్టాడు. గురువారం సందుల్లో ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు. శుక్రవారం నెత్తిమీద కొట్టాడు. శనివారం బతిమాలాడు. గ్యారంటీ చెక్కుచెదరలేదు. ఇన్నేళ్లుగా కళ్లద్దాలు తుడిచిన చేతులు గనుక, ఆయన ముట్టుకున్న చోటల్లా యంత్రం ఇంకాస్త శుభ్రపడింది.

ఆదివారం పదకొండయింది. అధ్యక్షులు, ఉపాధ్యక్షులు యంత్రాలను చంకన పెట్టుకుని వచ్చారు. ముగ్గురూ గోడవైపు తిరిగారు. పళ్ల డాక్టరుగారి యంత్రం ధప్పును పీకి చేతిలో పెట్టింది. పెద్దాయన యంత్రం ధప్పులో సగం చెప్పి మిగతాది మరిచిపోయింది. ముసలావిడ వంతు వచ్చింది. అద్దాలాయన కళ్లముందు గది, గోడ, క్షమాపణ పేజీ, వసారాలో వాన జల్లు అన్నీ వరుసగా కదిలాయి. మీట నొక్కాడు. ధప్పు కడిగిన అద్దంలా వచ్చింది. అధ్యక్షుల కనుబొమ్మలు పైకి లేచాయి.

సరిగ్గా అప్పుడే గదిలోని స్పీకర్లలోంచి గర్ర్ర్‌మని మొదలైంది. మామూలు గరగర కాదది. లేస్తూ, పడుతూ, మధ్యలో ఊపిరి బిగబట్టి, మళ్లీ అందుకుని, ధప్పు చుట్టూ ముసురుకుంది.

"ఆహా!" అన్నారు పళ్ల డాక్టరుగారు.

అద్దాలాయన నియమం తప్పి ఓరకంట కిటికీవైపు చూశాడు. వసారాలో ఆయన భార్య వంగి కుడుతోంది. రేపటికి ఇవ్వవలసిన పాతిక కొత్త ప్యాంట్లు పక్కన గుట్టగా ఉన్నాయి. మోకాళ్ల దగ్గర చింపి, చింపిన చోట అతుకు వేసి, పాతవాటిలా చేసి ఇమ్మని బట్టలకొట్టు ఆర్డరు. ఆవిడ కాలు తొక్కుడుమీటను నొక్కినప్పుడల్లా మోటారు రొద ఆ తీగవెంట బోర్డులోకీ, బోర్డులోంచి స్పీకర్లలోకీ పాకుతోంది. దారం తెగింది. గరగర ఆగింది. ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తి, భర్త ముఖం చూసింది. ఆ ముఖంలో ఆరేళ్లలో ఎన్నడూ లేనంత వినయం ఉంది. ఆవిడ ఒక్క కనుబొమ్మ ఎగరేసి మళ్లీ తొక్కింది.

అధ్యక్షులు లేచి ఉపన్యసించారు: "సంఘ సోదరులారా! ఇంతవరకూ మనం శబ్దం పాడవడం విన్నాం. ఈనాడు నిశ్శబ్దం కూడా పాడవడం విన్నాం. ఆ మధ్యలో గరగర ఆగింది చూశారూ, అది శ్వాస! యంత్రం శ్వాసించింది! ఇలాంటి శ్వాసను ఈ కాలపు యంత్రాలు వెయ్యేళ్లు తపస్సు చేసినా పీల్చలేవు. ఒకే ముక్కను తిప్పి తిప్పి వినిపించే లూపు అందరూ చేస్తారు. లోపం కొందరికే చేతనవుతుంది. ప్రశంసాపత్రం కార్యదర్శిగారిదే!"

పెద్దాయన చప్పట్లు కొట్టి, దేనికని అడిగి, మళ్లీ కొట్టారు. ఆ చప్పట్లకు గుమ్మంలో ప్రత్యక్షమైనవాడు బావమరిది. అలిగి వెళ్లిన మనిషి, రాజీపడదామని వచ్చి, గరగర విని కొయ్యబారిపోయాడు.

"బావా! నా రిపేరు మీద గరగరా? ఆగు, గ్యారంటీ ఉంది!"

"ఒరేయ్, వద్దురా, నీకు దండం పెడతాను!" అంటూ అద్దాలాయన యంత్రానికి అడ్డంగా పడ్డాడు. బావమరిది చెవి రిక్కించాడు, బోర్డు చూశాడు, కిటికీ చూశాడు. అతని ముఖం విప్పారింది.

"నా పనికి వంక లేదు! మిషను నిక్షేపంలా ఉంది. ఈ రొద అక్క కుట్టుమిషనుది! ఒక్క చిన్న ఫిల్టరు పెడితే పోతుంది."

అద్దాలాయన కళ్లు మూసుకున్నాడు. గది పోయింది, పదవి పోయింది, పరువు పోయింది. అధ్యక్షులు మెల్లగా కిటికీ దగ్గరికి నడిచారు. కుట్టుమిషనును నఖశిఖపర్యంతం పరికించారు. గొంతు తగ్గించి, గౌరవంగా అడిగారు.

"అమ్మా, ఇది ఎన్ని బిట్లు?"

"బిట్లు కాదు డాక్టరుగారూ, కుట్లు."

"పాతదేనా?"

"మా అమ్మ నాటిది."

అధ్యక్షుల కళ్లు చెమర్చాయి. అక్కడికక్కడే తీర్మానం నంబరు అయిదు జరిగింది: ఇంతటి అపూర్వ పరికరం ఎండకూ వానకూ వసారాలో ఉండటం సంగీతానికే అవమానం గనుక తక్షణం ముందుగదిలో ప్రతిష్ఠించవలెను; తీర్మానం నంబరు నాలుగు రద్దు; ఇకపై ప్రతి సభలోనూ ఆ ఇల్లాలు విధిగా కుట్టవలెను. నలుగురు మగవాళ్లూ కలిసి మిషను మోసుకొచ్చి కిటికీ పక్కన వెలుతురులో పెట్టారు. ముసలావిడ మూలకు జరిగింది. అద్దాలాయన గెలిచాడు, గది ఆవిడకు దక్కింది.

ఆవిడ కుర్చీ సర్దుకుని అంది. "ఎలాగూ కుట్టాలిగా. ఆ రికార్డేదో పెట్టండి, వింటూ కుడతాను."

"ధప్పు వరకేగా?" అన్నాడు అద్దాలాయన.

"మొత్తం పెట్టండి."

ఎవరూ కదల్లేదు. ఆవిడే లేచి, వేగం సరిచేసి, సూది దించింది. ధప్పు వచ్చింది. సూది ఎవరూ ఎత్తలేదు. ధప్పు వెనకాలే వయొలిన్లు వచ్చాయి. ఒక ఆడగొంతు పల్లవి అందుకుంది. మళ్లీ కూర్చుని తొక్కుతున్న ఆవిడ కాలు తొక్కుడుమీటను నొక్కిపట్టి అలాగే ఉండిపోయింది. బావమరిది చేతిలోని స్క్రూడ్రైవరు దించాడు. పెద్దాయన కుర్చీలోంచి నెమ్మదిగా లేచారు.

"ఇది నేను వాయించాను. ఆ రోజు డ్రమ్ము తోలు వదులైతే లోపల దిండు కుక్కాం. సరిగ్గా రాలేదని రికార్డింగాయన తిట్టాడు. ఆ పాడే అమ్మాయి ఉందే, మొదటిసారి మైకు ముందు నిలబడి, భయంతో నా చొక్కా అంచు పట్టుకుని..."

"ఉపాధ్యక్షా, జ్ఞాపకాలు తర్వాత" అన్నారు పళ్ల డాక్టరుగారు, కుట్టుమిషను మోటారుకు చెవి ఆనించి. "ఆ పాట కాస్త తగ్గించండి. ఇక్కడ మంచి రొద వస్తోంది."

పాట అంశం తదుపరి సమావేశానికి వాయిదా పడినట్టు మినిట్స్‌లో ఉంది.

ఈ సంగతి విన్నవాళ్లంతా ఆసక్తిగా రెండు ప్రశ్నలు వేస్తున్నారు. ఆ శాంప్లర్ ఏ మోడలు, ఆ కుట్టుమిషను ఏ మోడలు అని. ఆ అమ్మాయి ఏం పాడిందని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. మీరూ ఆ రెండు మోడళ్లలో ఒకదాని గురించే ఆలోచిస్తున్నారు కదూ!